చల్లబయలు మీద రెండు పొగలు

ఈదులపాళెం,
27 మార్చి 2025.

తలపాగా దొరవారు రూఫస్ గారికి,

మీ అక్క మగ్దలీనమ్మ రాస్తున్నది. ‘గారు’ అన్నానని పొంగిపోకు. నిన్న పాస్టరుగారి కూతురు ఫ్లోరా తన ఫోన్‌లో మీ రిసార్టువాళ్లు పెట్టిన నీ బొమ్మ చూపించింది. అది చూశాక నిన్ను ‘ఒరే’ అనడానికి నోరు రాలేదు, అంతే. పట్టు పంచె, మెడలో పూసలు, నెమలి ఈక గుచ్చిన ఎర్ర తలపాగా, చేతిలో పిల్లనగ్రోవి! మూడు తరాలుగా ఊరి పశువులు కాసిన ఇల్లు మనది. అందులో ఒక్కడు కూడా పిల్లనగ్రోవి ముట్టిన పాపాన పోలేదు. నాయన నోట్లో చుట్ట తప్ప ఇంకొకటి పెట్టి ఎరగడు.

బొమ్మ కింద ఇంగ్లీషులో ఏదో ఉంటే ఫ్లోరాను చదవమన్నాను. ‘కొండ మీది చివరి గోపాలుడు’ అట. చివరివాడివి ఎప్పుడయ్యావురా? నేనింకా బతికే ఉన్నాను. నా కొట్టంలో తొమ్మిది ఆవులున్నాయి.

ఆ తొమ్మిదింటి కోసమే ఈ ఉత్తరం. ఆరేళ్ల కిందటి దాకా ఈస్టరు మర్నాడు ఊరి పశువులన్నీ నాయన వెంట, నాయన పోయాక నీ వెంట, వెలికొండ ఎక్కి చల్లబయలులో మేసేవి. తొలకరి పడ్డాక కడుపులు నిండి దిగి వచ్చేవి. తర్వాత ఎవరో ఎవరికో కాగితం మీద ఆ బయలు ఇచ్చారు. కంచె పడింది. ‘కంచెకు అడ్డం పడుకుంటా’ అని చర్చి ముందు రొమ్ము చరుచుకున్న మొదటి మగాడివి నువ్వే. ఆ కంచె లోపల జీతానికి చేరిన మొదటి మగాడివీ నువ్వే.

సరే, అది అయిపోయింది. ఈ ఏడు మా పరిస్థితి చెబుతాను. తూర్పున రొయ్యల గుంటలు, పడమర ఫ్యాక్టరీ గోడ, మధ్యన మనం. వరిగడ్డి మిషన్లతో చుట్టలు చుట్టి లారీలకెక్కి ఎటో పోయింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆవులు మూతి పెట్టి తీసేస్తున్నాయి. పశువుల బేరగాడు చెంచురామయ్య వారానికోసారి వాకిట్లో నిలబడి, ‘ఏమ్మే మగ్దలీనమ్మా, ఎండలు ముదరకముందే చెప్పు. ఎముకలగూడు అయినాక నేను తోలుకోను’ అంటున్నాడు. వాడి లారీ ఎక్కిన ఆవు మళ్లీ కనబడదని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క మాట అడుగుతున్నాను. చల్లబయలు బండల మధ్య దొనలో నీళ్లున్నాయా? తొమ్మిది ఆవులకు రెండు నెలలు గేటు తీయిస్తావా? అవునో కాదో రాయి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మీ రిసార్టులో అతిథుల ప్రశాంతత కోసం ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారని ఫ్లోరా చెప్పింది. మంచిదే. ఫోన్‌లో అయితే సగంలో పెట్టేస్తావు. ఉత్తరం చివరిదాకా చదవక తప్పదు.

నీ తలపాగా చూసి సిగ్గుపడిన
మగ్దలీనమ్మ


మేఘవనం రిసార్ట్,
4 ఏప్రిల్ 2025.

ప్రియమైన అక్కకు రూఫస్ వందనాలు.

ముందు ఈ కాగితం చూడు. చేత్తో తయారుచేసింది. అంచున ఆవు గంట బొమ్మ. ఇక్కడికి వచ్చేవాళ్లు ఇళ్లకు ఉత్తరాలు రాసుకోవడానికి ప్రతి గదిలో పెడతాం. బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి వచ్చే పెద్దపెద్దవాళ్లు కలం పట్టుకుని ‘అడ్రసు ఎక్కడ రాయాలి?’ అని నన్ను అడుగుతారు. నేను చెబుతాను. నువ్వు తలపాగా చూసి నవ్వావు. ఆ తలపాగాకు ఇక్కడ ఎంత గౌరవమో నీకు తెలియదు.

నా ఉద్యోగం పేరు హెరిటేజ్ ఇన్‌చార్జి. కాటేజీలు పన్నెండు. అన్నిటికీ మన ఆవుల పేర్లు నేనే పెట్టాను. అన్నిటికన్నా పెద్దది దొరసాని కాటేజీ, కొత్త జంటలకు ఇస్తారు. నీ కొట్టంలో గంట కట్టుకుని తిరిగే దొరసానికి ఆ సంగతి చెప్పు, సంతోషిస్తుంది. సాయంత్రం అయిదున్నరకు నేను బండ మీద నిలబడి నాయన పిలుపు పిలుస్తాను. అందరూ చప్పట్లు కొడతారు. అప్పుడు వాకీటాకీలో చెబితే షెడ్డు తలుపు తీస్తారు, రెండు తెల్లటి ఆవులు వస్తాయి. వాటికి రోజూ షాంపూ. నువ్వు ముక్కు విరుస్తావని తెలుసు. కానీ అక్కా, వాసన లేని ఆవును చూడాలని జనం అయిదు వందల కిలోమీటర్లు వస్తున్నారు. వాసన ఉన్న ఆవును చూడడానికి నీ కొట్టానికి ఎవరొచ్చారు?

దొన నిండుగా ఉంది. చుట్టూ నీలం పెంకులు పరిచారు, దిగడానికి స్టీలు మెట్లు పెట్టారు. అతిథులు ఈదుతారు. పచ్చిక కూడా పాతది కాదు, బయటినుంచి తెచ్చి పరిచిన లాను. నాయన చూసి ఉంటే ఇది మన బయలేనా అనేవాడు.

నీ వయసు అరవై రెండు. నడుము నొప్పి అని నువ్వే అంటావు. ఇంకా పేడ ఎత్తుతూ ఎవరిని ఉద్ధరిస్తున్నావు? ఆవులు అమ్మేసి హాయిగా కూర్చో. నా మాట వినవని తెలుసు కాబట్టి ఇంకోటి చెబుతున్నాను. మా జీఎం సుశీల్ కుమార్ సార్ నేను చెబితే కాదనరు. రోజూ ‘రూఫస్ ఎక్కడ?’ అని అడిగి మరీ పిలుస్తారు. ఆయన చెవిన వేస్తాను. నేను చూసుకుంటాను, నువ్వు కంగారు పడకు.

కూరగాయల వ్యాను మంగళవారం, శుక్రవారం కిందికి వెళ్తుంది. డ్రైవరు మస్తాన్ ఈ ఉత్తరం వెంకటగిరిలో పోస్టు చేస్తాడు.

నీ తమ్ముడు,
రూఫస్, హెరిటేజ్ ఇన్‌చార్జి


ఈదులపాళెం,
12 ఏప్రిల్ 2025.

ఇన్‌చార్జి గారికి,

కాగితం బాగుంది. ఆవు గంట బొమ్మకు లోపల నాలుక లేదు. మోగని గంట వేసినవాడికి ఆ కొండ బాగానే అర్థమైంది.

దొనలో మనుషులు ఈదుతున్నారని నువ్వే నీ చేత్తో రాశావు. ఆ దొనలో నేను కాలు కడుక్కున్నానని ఎనిమిదేళ్లప్పుడు నాయన చింతబరికె విరిగేదాకా కొట్టాడు. ‘ముందర గొడ్డు తాగాలి, తర్వాత మనం తాగాలి, కడుక్కునేది కిందికి పోయి’ అన్నాడు. ఇప్పుడేమో పట్నం పెద్దమనుషులు చడ్డీలతో దిగుతున్నారు, నువ్వు తువ్వాలు అందిస్తున్నావు. షాంపూ ఆవుల గురించి నేనేమీ అనను. నాలుగు కాళ్లవి నిస్సహాయమైనవి, వాటిని తిట్టకూడదు.

అయినా నువ్వు ‘నేను చూసుకుంటాను’ అన్నావు. ఎన్ని వేషాలు వేసినా ఆ మాట నాయన మాట. ఆయన అలా అంటే పని జరిగేది. అది చాలు నాకు. ఈస్టరు ఆరాధన చూసుకుని సోమవారం, 21వ తేదీ తెల్లారి బయలుదేరుతున్నాం. గంగులయ్య బావ తోడొస్తున్నాడు. డెబ్బై దాటినా కాళ్లు ఇంకా కొండకు పనికొస్తాయట. చెంచురామయ్యను వాకిట్లోనుంచే పంపేశాను. దొరసాని నాలుగు రోజులుగా పడమటి గోడ దగ్గరే నిలబడుతోంది. దానికి నెలలు ఎవరు చెబుతారో తెలియదు.

మన కట్టుబాటు నీకు గుర్తుండే ఉంటుంది. అయినా పిల్లనగ్రోవి పట్టినవాడికి మళ్లీ చెప్పడం మంచిది. మంద కొండ పాదం దగ్గర ఆగుతుంది. ముందుగా ఎక్కిన మనిషి నీళ్లు చూసి, పొద్దున్నే పచ్చి ఆకు వేసి తెల్ల పొగ లేపాలి. పక్కపక్కనే రెండు పొగలు లేస్తే నీళ్లున్నాయి, రండి అని. ఒక్క పొగ లేస్తే లేవు, తిరిగిపోండి అని. పొగ లేకుండా ఎవరూ ఎక్కరు. పైన నీళ్లు లేకుండా పశువులను ఒక పగలంతా ఎక్కించి, మళ్లీ దింపితే సగం దారిలోనే పోతాయి.

ఈసారి ముందు మనిషివి నువ్వే. మీ సార్ కాదంటే ఒక్క పొగ వెయ్యి. ఒక్క మాట అనకుండా తిరిగిపోతాను. రెండు వేస్తే ఎక్కుతాను.

చూస్తూ ఉంటాను.
అక్క


మేఘవనం రిసార్ట్,
19 ఏప్రిల్ 2025.

అక్కా,

నీ ఉత్తరం నిన్న వ్యానులో వచ్చింది. ఆగు. బయలుదేరకు.

‘చూసుకుంటాను’ అంటే అడిగి చూస్తానని. దానికి నువ్వు మంద కట్టుకుని బయలుదేరతావని ఎవరనుకున్నారు? సార్‌ను అడిగాను. మంచి మూడ్‌లో ఉన్నప్పుడే అడిగాను. మేత కుదరదట. లాను పాడవుతుంది, పేడకు ఈగలు వస్తాయి, రివ్యూలు పడిపోతాయి. కానీ ఒకటి అన్నారు. మే నెలలో ఏదైనా శనివారం పూలదండలు వేసి, కొమ్ములకు రంగులు పూసి తెస్తే ‘వలస ఉత్సవం’ అని పెడతారట. అతిథులు ఆవులతో ఫొటోలు దిగుతారు, సాయంత్రానికి దిగిపోవాలి. మీకు మంచి భోజనం పెడతారు. నువ్వు తెల్లచీర, చేతిలో కర్రతో వస్తే ఇంకా బాగుంటుందన్నారు. ఈ మాట రాయడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది. కానీ ఆలోచించు. ఒక పూట కొండెక్కినట్టూ ఉంటుంది, నాలుగు డబ్బులు వచ్చినట్టూ ఉంటుంది.

పొగ సంగతి అసలు కుదరదు. ఇక్కడ నిప్పు ముట్టించే అధికారం చెఫ్ క్రీస్తురాజుకు ఒక్కడికే ఉంది. సిగరెట్టుకు కూడా సంతకం పెట్టాలి. ఒక్క పొగా వేయలేను, రెండూ వేయలేను. కాబట్టి రావద్దు.

ఈస్టరు సెలవులకు అన్ని కాటేజీలూ నిండాయి. మస్తాన్ మంగళవారం గానీ దిగడు. ఈలోగా నువ్వు తొందరపడవనే అనుకుంటున్నాను.

రూఫస్


ఈదులపాళెం,
2 మే 2025.

చల్లబయలు చివరి గోపాలుడికి,

నువ్వు 19న రాసిన ఉత్తరం నిన్న నేను ఇల్లు చేరేసరికి తలుపు సందులో ఉంది. చదివాను. నవ్వొచ్చింది. తెల్లచీర కట్టుకోవాలా నేను!

జరిగింది రాస్తాను, చదువు. నాలుగు రోజులు నడిచాం. నాయుడుపేట దగ్గర హైవే దాటడానికే ఒక పూట పట్టింది. కార్లలోంచి తలలు బయటపెట్టి తిట్టారు. దొరసాని ముందు, తక్కినవి వెనక. గురువారం సాయంత్రానికి కొండ పాదం చేరాం. శుక్రవారం పొగ లేదు. ఆగాం. శనివారం తెల్లవారి ఏడు గంటలకు చల్లబయలు అంచున రెండు పొగలు లేచాయి, పక్కపక్కనే. చూడగానే నాకు ఏడుపొచ్చింది. నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ‘మీ మామ పిలిచినాడే, పదండి’ అని ఆవులతో చెప్పి ఎక్కించాను.

మధ్యాహ్నం రెండింటికి పైకి చేరాం. గేటు. గేటు ముందు యూనిఫారం వేసుకున్నవాళ్లు ‘యాడికి? యాడికమ్మా?’ అని కర్రలు అడ్డం పెట్టారు. మావాడు పిలిచాడని చెప్పాను. అప్పుడు నువ్వు వచ్చావు. తలపాగా, పూసలు, ఈక. నీ పక్కన తెల్లచొక్కా మనిషి, మీ సుశీల్ కుమారే అయి ఉండాలి. వెనక ఓ ఇరవై మంది అతిథులు.

ఆయన నిన్ను అడిగాడు, ‘ఎవరు రూఫస్ వీళ్లు? మీ వాళ్లా?’ అని.

నువ్వు నా మొహం చూసి చెప్పావు. ‘కాదు సార్. కొండ కిందోళ్లు ఎవురో. నాకు తెలీదు’ అన్నావు.

గంగులయ్య బావ నోరు తెరవబోతే చేయి పట్టుకున్నాను. దొరసానికి మాత్రం ఆ మర్యాదలు తెలియవు. కర్రల పక్కనుంచి దూరి నీ దగ్గరికి వచ్చి నీ చేయి నాకింది. నువ్వు చేయి వెనక్కి పెట్టుకున్నావు. ఆ ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. గోపాలుణ్ణి ఆవులు ఎలా గుర్తుపడతాయో అని ఒకావిడ మురిసిపోయింది. ఫోన్లు తేకూడదన్న చోట పది ఫోన్లు పైకి లేచాయి. తర్వాత అది నేరుగా దొన దగ్గరికి పోయి నీలం పెంకుల మధ్య మూతి పెట్టింది. ఈదుతున్నవాళ్లు కెవ్వుమని గట్టెక్కారు. అంతసేపూ ముద్దొచ్చిన ఆవు నీళ్లు తాగేసరికి పురుగైపోయింది. కర్రలతో కొట్టి బయటికి తోలారు. నువ్వూ ఆ వరసలోనే నిలబడ్డావు. కొట్టలేదు, ఒప్పుకుంటాను.

తక్కిన ఎనిమిదింటికి చుక్క నీరు లేదు. ఆ ఎండలో మళ్లీ దిగడం. సగం దిగాక ఒకటి కూలబడింది. బండరాయి నీడకు లాగాలని చూశాం. లేవలేదు. గంగులయ్య బావ తువ్వాలు తడిపి మూతికి పెట్టాడు, అప్పటికే అయిపోయింది. గంట విప్పుకుని వచ్చాను. తిరుగు ప్రయాణంలో ఎవరి గేట్ల ముందు నిలబడి నీళ్లు అడుక్కున్నామో నీకు రాసి ప్రయోజనం లేదు.

ఒక్కటి చెప్పు. రెండు పొగలు వేసి పిలిచి, గేటు దగ్గర నాకు తెలియదనడం ఏ ఇంటి పద్ధతి? వేయకుండా ఉండాల్సింది. ఒకటి వేయాల్సింది. తిరిగిపోతానని రాశాను కదా.

మగ్దలీనమ్మ
(కొండ కింది మనిషి)


మేఘవనం,
7 మే 2025.

అక్కా,

నేను పొగ వేయలేదు. దేవుడి తోడు, వేయలేదు. శనివారం అతిథుల కోసం క్రీస్తురాజు ఆరుబయట రెండు బొగ్గుల పొయ్యిలు పెట్టాడు. పొద్దున్నే కోళ్లు, చేపలు కాల్చి పెడితే జనం వీడియోలు తీసుకుంటారు. నువ్వు చూసింది ఆ పొగ. కోళ్ల పొగ చూసి మంద తోలుకొచ్చావు.

నన్ను తిట్టావు, పడ్డాను. ఇప్పుడు నేనూ ఒకటి అడుగుతాను. నాయన పొగ తెల్లగా ఉంటుంది. పచ్చి ఆకు పొగ నిలువుగా లేచి పైన విచ్చుకుంటుంది. నూనె కారిన బొగ్గుల పొగ నల్లగా పాకుతుంది. ముప్పై ఏళ్లు ఆ పాదం దగ్గర నిలబడి చూసినదానివి, నీకు తేడా తెలియలేదా? నాకు కళ్లు నెత్తికెక్కాయని అంటావు. నీ కళ్లెక్కడికి పోయాయి?

గేటు దగ్గర మాట అన్నాను. అవును, అన్నాను. నీకు తెలియదు, ఆ వారంలోనే సార్ ఇద్దరిని తీసేశారు. మీరు నా మనుషులని తెలిస్తే మర్నాటికి నేనూ గేటు బయట ఉండేవాణ్ణి. ఈ వయసులో ఎక్కడికి పోను? నీలాగా కొట్టంలో కూర్చుని లోకాన్నంతా చీదరించుకుంటూ బతకడం అందరికీ చేతకాదు. నాయన పోయాక వచ్చిన గౌరవం నాకిదొక్కటే. వేషానికి వచ్చిన గౌరవమని నాకూ తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు.

దొరసాని నాకిన చేయి రెండు రోజులు గరుగ్గా ఉన్నట్టే అనిపించింది.

కూలబడింది ఏది? పేరు రాయలేదు నువ్వు.

రూఫస్


ఈదులపాళెం,
14 మే 2025.

రూఫస్‌కు,

చుక్క. నుదుటి మీద తెల్లమచ్చది. అయిదేళ్ల కిందట వానలో పుట్టింది. చల్లబయలు ఎన్నడూ చూడలేదు. ఈసారైనా చూపిద్దామనుకున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. పొగ నల్లగా ఉంది. నాకు తెలుసు. గంగులయ్య బావ అన్నాడు కూడా. ‘ఇది మన పొగ కాదు మే. ఆకు వాసన లేదు, మాడిన వాసన వస్తా ఉండాది. ఇంకో దినం చూద్దాం’ అన్నాడు. ‘నా తమ్ముడి సంగతి నీకేం తెలుసు, నోరు మూసుకో’ అన్నాను. ఆ ముక్క కిందటి ఉత్తరంలో రాయలేదు. నిన్ను తిట్టే ఊపులో దాటేశాను.

రెండు పొగలు కావాలనుకున్నాను, రెండు కనిపించాయి. రంగు ఎవడు చూస్తాడు? నీ తలపాగాను, మీ సార్‌ను, షాంపూ ఆవులను, ఈదేవాళ్లను, ఇంతమందిని నీచంగా చూసే నేను, కోళ్లు కాల్చిన పొగకు చేతులెత్తి దండం పెట్టాను. చుక్కను చంపింది మీ గేటు ఒక్కటే కాదు, నా వెర్రి ఆశ కూడా. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక మేత లేదు. ఈ ఎనిమిదీ అరటి బోదెలు నమిలి నిలబడుతున్నాయి. చెంచురామయ్యకు మాట ఇచ్చేశాను. 24వ తేదీ శనివారం లారీ వస్తుంది. నేను ఇంట్లో ఉండను. చర్చి ఊడ్చే పని పెట్టుకుంటాను.

నీ గౌరవం నువ్వు కాపాడుకో. నాకు ఇంకా రాయాల్సిన పని లేదు.

మగ్దలీనమ్మ


18 మే 2025, ఆదివారం.

అక్కా,

ఇది కూరగాయల చిట్టా వెనక రాస్తున్నాను. ఆ గంట బొమ్మ కాగితం ముట్టబుద్ధి కాలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. కంచె బయట, వెనక వాలులో, ఉడుముల దొన అని ఇంకోటి ఉంది. పొదల మధ్య, బండ కింద. నడివేసవిలో కూడా నడుము లోతు ఉంటుంది. ముందు మనిషికి మాత్రమే చూపించే నీళ్లు అవి. పెద్ద దొన ఎండిన ఏడు మందను అక్కడికి మార్చేవారు. నాయన నాకు చూపించాడు. రిసార్టువాళ్లకు చెప్పలేదు, చెబితే దానికీ పెంకులు పరుస్తారు. నీకు ఎందుకు చెప్పలేదో ఈ రెండు రోజులూ ఆలోచించాను. చెబితే నువ్వు వస్తావు. వస్తే నన్ను ఈ వేషంలో చూస్తావు. అదొక్కటే కారణం. అందుకు చుక్క పోయింది.

నిన్న వెళ్లి చూశాను. నీళ్లున్నాయి. ఆ వాలు నిండా మన గడ్డే, మోకాళ్ల దాకా ఉంది. రెండు నెలలకు ఎనిమిదింటికి సరిపోతుంది.

ఈ పొద్దున పచ్చి ఆకు కొట్టి బండ మీద రెండు పొగలు వేశాను. తెల్లగా లేచాయి. అతిథులు కార్యక్రమం అనుకుని చప్పట్లు కొట్టారు. సార్ పరిగెత్తుకొచ్చి ‘ఎవరు పర్మిషన్ ఇచ్చారు? ఆర్పెయ్ రూఫస్’ అన్నారు. ఆర్పను అన్నాను. ‘ఎవరి కోసం ఇదంతా?’ అన్నారు. ‘మా అక్క రావాల సార్. ఆ రోజు గేటు కాడ నిలబడింది మా అక్క. తెలీదని అబద్ధం చెప్పినాను’ అన్నాను. తలపాగా అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇప్పుడు ఉడుముల దొన దగ్గర ఉన్నాను. నువ్వు వచ్చేదాకా రోజూ పొద్దున పొగ వేస్తాను. గేటు వైపు రావద్దు. పాదం దగ్గర ఎడమకు తిరిగితే పాత ఏనుగుబండ పక్కన దారి ఉంది. దొరసాని చిన్నప్పుడు ఒకసారి ఎక్కింది, దానికి గుర్తుండొచ్చు.

24 లోపల అందేలా నీ చేతికే ఇవ్వమని మస్తాన్‌కు చెప్పాను. చెంచురామయ్యను ఆపు.

రూఫస్


కొండ పాదం,
30 మే 2025.

ఒరే రూఫస్,

మస్తాన్ నీ ఉత్తరం 24వ తేదీ సాయంత్రం తెచ్చాడు. నాలుగు రోజులు వాణ్ణి అతిథుల వెంట గుళ్లకూ జలపాతాలకూ తిప్పారట. చేతులు జోడించాడు పాపం. వాణ్ణి ఏమీ అనలేదు.

లారీ మధ్యాహ్నమే వచ్చి పోయింది.

ఏడు ఎక్కాయి. చర్చిలో ఉందామనుకున్నాను గానీ ఉండలేకపోయాను, వచ్చి పక్కన నిలబడ్డాను. ఒక్కొక్కటీ చెక్క మీద కాలు పెట్టే ముందు నా వంక చూసింది. దొరసాని ఎక్కలేదు. చెక్క ముందు కూలబడి కూర్చుంది. తోక మెలిపెట్టారు, లేపారు, మళ్లీ కూర్చుంది. చెంచురామయ్య విసుగెత్తి, ‘ముసలిదాన్ని నువ్వే పెట్టుకో మే. దీనికి నీ గుణమే వచ్చినాది’ అని పోయాడు.

వాళ్లు పోయిన గంటకు నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. ఒక రోజు ముందు వచ్చి ఉంటే అని గోడకు తల కొట్టుకున్నాను. ఆరేళ్ల ముందు రాయాల్సినదాన్ని ఆరు రోజుల ముందు రాశావు. నిన్ను క్షమించానని రాయను. చుక్క విషయంలో నన్ను నేనూ క్షమించుకోలేదు. ఇద్దరం ఒకే వరసలో ఉన్నాం, అంతే.

ఇప్పుడు కొండ పాదం దగ్గర కూర్చుని రాస్తున్నాను. నేను, దొరసాని, గంగులయ్య బావ. నా సంచిలో చుక్క గంట ఉంది. వ్యాను ఇప్పుడే పైకి పోతోంది, మస్తాన్ ఆపి అడిగితే ఇది ఇస్తున్నాను. వాడు గేటు దాటి వెనక వాలుకు నడిచొచ్చి నీకు ఇస్తానన్నాడు.

పొగలు కనిపిస్తున్నాయి. తెల్లగానే ఉన్నాయి. ఈసారి నా కళ్లను నమ్మకుండా బావను చూడమన్నాను. ‘మనదే. ఆకు వాసన ఇక్కడిదాకా వస్తా ఉండాది’ అన్నాడు. దొరసాని అప్పుడే ఏనుగుబండ వైపు నాలుగు అడుగులు వేసి నా కోసం ఆగింది.

నువ్వు ఎనిమిది ఆవులకు గడ్డి చూసి పెట్టావు. వస్తున్నది ఒక్కటే. ఒక్క ముసలి ఆవుకు రెండు పొగలెందుకు, ఆకు దండగ అనుకుని ఒకటి ఆర్పేస్తావేమో. ఆర్పకు. ఒక్కటి కనబడితే తిరిగిపోతాను.

అక్క